అడవిలో దొరికిన చీమ కొత్త జాతి అని తేల్చి, పేరు పెట్టడం ఎలా?

కొండపల్లి అడవిలో రాలిన ఆకుల కింద మీకు ఒక చీమ దొరికిందనుకోండి. మైక్రోస్కోపు కింద పెట్టి, చేతిలో ఉన్న పట్టికలన్నీ తిరగేసినా దాని పేరు తేలలేదు. అది కొత్త జాతి కావచ్చు. కాకపోవడానికే అవకాశం ఎక్కువ. ఆ అనుమానం దగ్గర నుంచి అచ్చయిన పేరు దాకా చేయవలసిన పనిని వరుసగా చెప్పడానికే ఈ వ్యాసం. విజయవాడ, గుంటూరు కాలేజీల్లో జంతుశాస్త్రమో కీటకశాస్త్రమో చదువుతున్నవారిని, వారికి పాఠం చెప్పే అధ్యాపకులను దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను.

ప్రపంచంలో ఇప్పటివరకు పేరు పొందిన చీమ జాతులు 14,000 పైచిలుకు. మన దేశానికి సంబంధించి 2016లో వెలువడిన పట్టికలో జాతులు, ఉపజాతులు కలిపి 828 ఉన్నాయి. ఆ తరువాత కూడా కొత్తవి చేరుతూనే ఉన్నాయి. అరుణాచల్ ప్రదేశ్‌లోని సియాంగ్ లోయలో ఒక చెట్టు తొర్రలో దొరికిన నీలిరంగు చీమకు 2024లో పారాపారాట్రెకినా నీలా అని పేరు పెట్టారు. రెండు మిల్లీమీటర్లు కూడా లేని చీమ అది. ఆ ప్రజాతిలో భారతదేశం నుంచి కొత్త జాతి రావడం 121 ఏళ్లలో అదే మొదటిసారి. పశ్చిమ కనుమల చీమల మీద జరిగినంత పని తూర్పు కనుమల మీద జరగలేదు. కొండపల్లి కొండలు, నల్లమల, పాపికొండలు అన్నీ ఉష్ణమండల అడవులే. కాబట్టి ఇది మన విద్యార్థులకు అందని పని కాదు.

అయితే తొందరపడితే చేటు చేసే పని. తప్పుగా పెట్టిన ఒక్క పేరును సరిదిద్దడానికి తరువాత వచ్చేవారు ఏళ్ల తరబడి తంటాలు పడాలి. అందుకే మొదట్లోనే ఒక మాట గట్టిగా చెబుతున్నాను. మీ చీమ కొత్తదని రుజువు చేసే ముందు, అది పాతదేనని రుజువు చేయడానికి మీ శక్తినంతా పెట్టండి. ఆ ప్రయత్నాలన్నీ విఫలమైన తరువాతే కలం తీయండి.

అడవిలోకి వెళ్లే ముందు

కొండపల్లి రిజర్వు అడవి. మూలపాడు సీతాకోకచిలుకల పార్కు వరకు సందర్శకులుగా వెళ్లవచ్చు గానీ, నమూనాలు సేకరించాలంటే అటవీ శాఖ నుంచి రాతపూర్వకమైన అనుమతి ఉండాలి. ఏం సేకరిస్తారు, ఎంత మేర, ఏ పద్ధతిలో అన్నది కాలేజీ లేఖ మీద స్పష్టంగా రాసి అటవీ అధికారి కార్యాలయంలో ఇవ్వండి. పాపికొండ జాతీయ ఉద్యానం, నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం వంటి చోట్ల 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. అక్కడ రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి కావాలి. దీన్ని లాంఛనంగా చూడకండి. పరిశోధన పత్రికలు అనుమతి వివరాలు అడుగుతాయి. అవి లేకపోతే ఎంత అరుదైన చీమ దొరికినా దాన్ని పైకి చెప్పుకోలేరు.

చీమలను పట్టడం

వానలు పడిన తరువాత వెళ్లండి. మన వైపు అడవులు ఆకురాల్చేవి. ఎండాకాలంలో నేల ఎండిపోయి ఆకుచెత్తలో బతికే చిన్న చీమలు లోతుకు దిగిపోతాయి. జూలై నుంచి నవంబరు వరకు నేలలో తడి ఉంటుంది కాబట్టి అదే మంచి కాలం.

కంటికి కనిపించే గండుచీమలు, మామిడి ఆకులను కలిపి గూడు అల్లే ఎర్రచీమలు ఎప్పుడో పేరు పొందాయి. గండుచీమకు 1787లోనూ, ఆకులు అల్లే చీమకు 1775లోనూ డెన్మార్క్ కీటకశాస్త్రజ్ఞుడు ఫాబ్రీషియస్ పేర్లు పెట్టాడు. కొత్తవి దొరికే చోటు కుళ్లిన ఆకులు, ఎండిన సన్నపు కొమ్మల లోపలి గుల్ల, బెరడు కింద, మట్టిలో లోతున. అందుకే ఆకుచెత్తను జల్లించడం నేర్చుకోండి. ఒక చదరపు మీటరు మేర ఆకుచెత్తను, పైపైన ఉన్న మట్టిని ఎత్తి, సుమారు ఒక సెంటీమీటరు కన్నాల జల్లెడతో జల్లించి, కిందికి దిగినదాన్ని గుడ్డసంచిలో కట్టి తీసుకురండి. దాన్ని వింక్లర్ సంచి అనే పరికరంలో వేలాడదీస్తారు. వల సంచిలో పోసిన చెత్త ఆరుతున్నకొద్దీ చీమలు బయటపడే దారి వెతుక్కుంటూ, అడుగున ఆల్కహాలు ఉన్న సీసాలో పడతాయి. 48 గంటలు ఉంచడం పద్ధతి. గుడ్డ, దోమతెర, ఇనుప కడ్డీలు ఇచ్చి కొలతలు చెబితే దర్జీ కుట్టిపెడతాడు.

దానితో పాటు నేలలో అంచు దాకా పాతిన ప్లాస్టిక్ గ్లాసులు, కాగితం ముక్క మీద పెట్టిన బెల్లం, ఎండుచేప ముక్కలు కూడా పనికొస్తాయి. పీల్చే గొట్టంతో పట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త. గండుచీమల బంధువులు ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతాయి. గొట్టం నిండా వాటిని పీలిస్తే ఆ ఆవిరి గొంతులోకి వస్తుంది. రాయి ఎత్తి చూసినవారు దాన్ని మళ్లీ అలాగే పెట్టి రావాలి. దాని కింద ఉన్నవాటికి అది ఇల్లు.

అన్నిటికంటే విలువైనది గూడు. జల్లెడలో పడ్డ చీమలు ఒకదానికొకటి ఏమవుతాయో చెప్పలేం. ఒకే గూటి నుంచి తీసిన శ్రామికులు, రాణి, మగ చీమలు మాత్రం ఒక జాతివే అని ధైర్యంగా చెప్పవచ్చు. బతుకుదెరువుకు ఇతర జాతుల గూళ్లలో చేరే చీమలు కొన్ని ఉన్నా, అవి అరుదు. కాబట్టి అనుమానం కలిగిన చీమ కనబడగానే దాని వెంట పడి, అది ఎక్కడికి దూరుతుందో చూడండి. ఎర పెట్టి, మోసుకుపోయే చీమను అనుసరించడం ఇందుకు మంచి ఉపాయం. గూటిని పూర్తిగా తవ్వి పారేయవద్దు. శ్రామికులు ఇరవై ముప్పై చాలు, దొరికితే రాణి ఒకటి, మగవి కొన్ని.

95 శాతం ఇథైల్ ఆల్కహాలులో వేయండి. డిఎన్ఏ పనికి అదే కావాలి. ఆల్కహాలు కొనుగోలుకు ఎక్సైజ్ నిబంధనలు ఉంటాయి కనుక కాలేజీ ప్రయోగశాల ద్వారానే తెప్పించుకోండి. బెజవాడ ఎండలకు మూత సరిగా లేని సీసాలో ఆల్కహాలు త్వరగా ఆవిరైపోతుంది. సీసాలు నెలకోసారి చూస్తూ ఉండండి.

చీటీ

చీటీ లేని నమూనాకు శాస్త్రంలో విలువ లేదు. ప్రతి సీసాలోనూ పెన్సిలుతో రాసిన చీటీ లోపలే వేయండి, బయట అంటించినది ఊడిపోతుంది. దేశం, రాష్ట్రం, జిల్లా, అడవి పేరు, అక్షాంశ రేఖాంశాలు, సముద్రమట్టం నుంచి ఎత్తు, తేదీ, ఎలాంటి చోట, ఏ పద్ధతిలో, ఎవరు పట్టారు అన్నవన్నీ ఉండాలి. నెలను రోమన్ అంకెతో రాస్తే రోజు, నెల తారుమారు కావు.

అక్షాంశ రేఖాంశాలు ఎందుకంటే ఊళ్ల పేర్లు, జిల్లాల హద్దులు మారిపోతాయి. 2022 ఏప్రిల్‌లో మన జిల్లాలు విడిపోయినప్పుడు కొండపల్లి కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది. బ్రిటిషు కాలపు చీటీల మీద విజయవాడకు బెజవాడ అనే ఉంటుంది. ఫోనులోని జీపీఎస్ అంకెలు మాత్రం ఏ ప్రభుత్వం వచ్చినా మారవు. అవి ఏ ప్రమాణంలో ఉన్నాయో, ఎన్ని మీటర్ల తేడాకు అవకాశం ఉందో కూడా పక్కన రాసుకోండి.

పిన్ను మీదికి ఎక్కించడం

చీమను పిన్నుతో నేరుగా గుచ్చరు. గట్టి కాగితాన్ని సన్నని త్రిభుజంలా కత్తిరించి, వెడల్పు వైపు పిన్ను గుచ్చి, సన్నని కొన మీద నీటిలో కరిగే జిగురు చుక్క పెట్టి చీమను కూర్చోబెడతారు. కొన చీమ కుడి పక్క నుంచి వచ్చి, మధ్య కాళ్లకూ వెనక కాళ్లకూ నడుమ ఉరం అడుగున తగలాలి. అప్పుడు ఎడమ పక్క, తల, వీపు, నడుము అన్నీ అడ్డం లేకుండా కనబడతాయి. జిగురు ఎక్కువైతే నడుము ముద్దలో కూరుకుపోతుంది. జాతిని తేల్చే లక్షణాల్లో సగం ఆ నడుము దగ్గరే ఉంటాయి. మొదట మామూలు చలిచీమల మీద చేయి తిప్పుకోండి. చేయి కుదిరాకే అనుమానపు చీమను తాకండి. ఒక గూటి నుంచి కొన్నింటిని పిన్నుల మీద, మిగతావాటిని ఆల్కహాలులోనే ఉంచండి.

కృష్ణ ఒడ్డున గాలిలో తేమ ఎక్కువ. పెట్టెలు బిగువుగా మూసుకోవాలి. లోపల సిలికా జెల్, నాఫ్తలీన్ వేయండి. లేకపోతే బూజు పడుతుంది, లేదా ఇంటి చీమలే వచ్చి పిన్ను మీది చీమను తినేసిపోతాయి.

పాతదే అయి ఉంటుందని నమ్మి వెతకండి

ఇక్కడ ఎంత కాలం పట్టినా పట్టనివ్వండి.

మొదట ఉపకుటుంబం. నడుము దగ్గర ఒక కణుపు ఉందా, రెండు ఉన్నాయా చూడండి. రెండు ఉంటే మిర్మిసినే కావచ్చు, చెట్ల మీద తిరిగే సన్నని టెట్రాపోనెరా వంటివీ కావచ్చు. ఒకటే ఉండి, ఉదరం కొసన వెంట్రుకల చుట్టుతో గుండ్రని రంధ్రం ఉంటే ఫార్మిసినే. ఒక కణుపుతో పాటు కొండి బలంగా ఉండి, ఉదరం మొదటి రెండు ఖండాల నడుమ నొక్కు కనిపిస్తే పోనెరినే వైపు చూడండి. తరువాత స్పర్శశృంగాల ఖండాలు లెక్కపెట్టండి, దవడల పళ్లు లెక్కపెట్టండి. ఈ లెక్కలే ప్రజాతి దగ్గరికి తీసుకువెళ్తాయి.

ప్రజాతి తేలాక, ఆ ప్రజాతిలో మన దేశంలోనూ శ్రీలంక, మయన్మార్‌లలోనూ ఉన్న ప్రతి జాతి పేరునూ ఒక కాగితం మీద రాసుకోండి. యాంట్‌క్యాట్ అనే ఉచిత సూచికలో ప్రతి పేరు చరిత్రా దొరుకుతుంది. యాంట్‌వెబ్‌లో మ్యూజియంలలోని నమూనాల దగ్గరి ఫోటోలు ఉన్నాయి. యాంట్‌మ్యాప్స్ ఏ జాతి ఏ రాష్ట్రంలో నమోదైందో చూపిస్తుంది. మన ప్రాంతంలో నమోదు కాలేదు కాబట్టి కొత్త జాతి అనుకోవడం పెద్ద పొరపాటు. మన ప్రాంతంలో వెతికినవారే తక్కువ.

పట్టికలో చెల్లుబాటులో ఉన్న పేర్లే కాకుండా, రద్దయి మరో జాతిలో కలిపేసిన పాత పేర్లనూ చూడాలి. చాలామంది వదిలేసేది ఇదే. వందేళ్ల క్రితం ఒకరు పెట్టిన పేరును తరువాత ఇంకొకరు అనవసరమని కొట్టేసి ఉండవచ్చు. మీ చేతిలో ఉన్నది సరిగ్గా ఆ చీమే అయితే మీరు కొత్త పేరు పెట్టకూడదు. ఆ పాత పేరునే బతికించాలి. ముందు పెట్టిన పేరుకే హక్కు అన్నది జంతు నామకరణంలో మూలసూత్రం. లెక్క 1758 నుంచి మొదలవుతుంది.

ఇప్పుడు ప్రతి జాతికీ మొదటిసారి రాసిన వర్ణన తెచ్చి చదవండి. మన దక్షిణాది చీమల్లో చాలావాటిని మొదట వర్ణించినవాడు థామస్ జెర్డన్. నెల్లూరులో ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన ఆయన 1851లో మద్రాసు పత్రికలో దక్షిణ భారత చీమల జాబితా ప్రచురించాడు. ఎగిరి దూకే చీమ హార్పెగ్నాథోస్ సాల్టేటర్, ఎరుపు నలుపుల టెట్రాపోనెరా రూఫోనైగ్రా ఆయన పెట్టిన పేర్లే. తరువాత బింగ్‌హామ్ 1903లో బ్రిటిషు ఇండియా చీమల సంపుటం వెలువరించాడు. అప్పటి వర్ణనలు చాలావరకు క్లుప్తంగా ఉంటాయి. ఈనాడు మనం చూసే లక్షణాల ప్రస్తావన వాటిలో ఉండకపోవచ్చు. మన చీమలెన్నిటికో పేర్లు పెట్టిన స్విస్ శాస్త్రజ్ఞుడు ఫోరెల్ రాసినవి ఫ్రెంచిలో ఉంటాయి. తెలిసినవారి సాయం తీసుకోండి, యంత్రానువాదం మీదే ఆధారపడకండి. తల వెనుక అంచు గురించిన మాట ఉరం అంచుకు అంటుకుంటే మీ నిర్ణయమే తలకిందులవుతుంది.

వర్ణన చాలనప్పుడు ఆ పేరుకు ఆధారమైన టైపు నమూనాను చూడక తప్పదు. బింగ్‌హామ్ సేకరణ లండన్ సహజ చరిత్ర మ్యూజియంలో ఉంది. ఫోరెల్‌ది జెనీవాలో. మన దేశానికి సంబంధించినంత వరకు కలకత్తాలోని జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా సేకరణ ముఖ్యమైనది. అందరం అన్ని చోట్లకూ వెళ్లలేం. ముందు ఆన్‌లైన్ ఫోటో ఉందేమో వెతకండి. లేకపోతే సేకరణ బాధ్యులకు మర్యాదగా ఉత్తరం రాసి, ఏ కోణం నుంచి ఏ భాగం ఫోటో కావాలో స్పష్టంగా అడగండి. ఏం కావాలో తెలిసి అడిగినవారికి జవాబు వస్తుంది.

ఇన్ని చేసినా చీమ కొత్తదిగానే కనిపిస్తోందా? అయితే మోసం చేసే కారణాలను ఒక్కొక్కటిగా తోసిపుచ్చండి.

గండుచీమల ప్రజాతిలోనూ, ఫైడోల్ ప్రజాతిలోనూ ఒకే గూటిలో చిన్న తల శ్రామికులు, పెద్ద తల శ్రామికులు ఉంటాయి. పెద్దదాన్ని వేరే జాతి అనుకోవడం తేలిక. అందుకే గూడు కావాలన్నాను. అప్పుడే ప్యూపా నుంచి బయటపడ్డ చీమ రంగు పలచగా ఉంటుంది కాబట్టి లేతరంగు ఒక్కటే లక్షణం కాలేదు. కొన్ని నులిపురుగులు చీమ ఒంట్లో పెరిగి దాని ఆకారాన్నే మార్చేస్తాయి. మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లో సెఫలోటెస్ అట్రాటస్ అనే నల్లచీమ ఉదరం నులిపురుగు సోకినప్పుడు పండులా ఎర్రగా మారుతుంది. పురుగు సోకిన చీమలను వేరే జాతులుగా వర్ణించిన సందర్భాలు శాస్త్ర చరిత్రలో ఉన్నాయి. మీ దగ్గర ఒక్కటే చీమ ఉండి, దాని ఉదరం అసాధారణంగా ఉబ్బి ఉంటే ఆగండి.

చీమ దొరికిన చోటు కూడా ఆలోచించండి. విజయవాడ పార్కులోనో, గుంటూరు ఇంటి పెరట్లోనో దొరికినది అడవి చీమ కంటే పరదేశపు చీమ అయ్యే అవకాశమే ఎక్కువ. మొక్కల కుండీల మట్టితో, సరుకుల పెట్టెలతో చీమలు ఖండాలు దాటుతాయి. మన పొలాల్లో మామూలైపోయిన సోలెనోప్సిస్ జెమినేటా అమెరికా ఖండం నుంచి వచ్చినదే. కడియం నర్సరీ మొక్క వెంట వచ్చిన చీమకు భారతదేశపు పట్టికలో పేరు దొరకకపోతే ప్రపంచ పట్టిక తెరవండి.

ఒక్క నమూనాతో కొత్త జాతి ప్రకటించవచ్చా? నియమం కాదనదు. 2008లో బ్రెజిల్‌లోని మనౌస్ దగ్గర అడవి ఆకుచెత్తలో దొరికిన ఒకే ఒక శ్రామికురాలి ఆధారంగా మార్షియాలిస్ హ్యూరెకా అనే చీమను ప్రకటించారు. అయితే అది తెలిసిన ఏ చీమకూ దగ్గర కాదు, దాని కోసం ఒక కొత్త ఉపకుటుంబాన్నే ఏర్పరచాల్సి వచ్చింది. ఒక ముల్లు పొడవులోనో, వెంట్రుకల లెక్కలోనో మాత్రమే తేడా ఉన్న చీమ విషయంలో ఒక్క నమూనా చాలదన్నది నా గట్టి అభిప్రాయం. రెండో వానాకాలం కోసం ఆగండి.

కొలతలు

స్టీరియో మైక్రోస్కోపుకు కంటికటకంలో గీతల స్కేలు అమర్చి, దాన్ని ప్రామాణిక స్లైడుతో ప్రతి వృద్ధీకరణ దగ్గరా సరిచూసుకోండి. తరువాత తల పొడవు, తల వెడల్పు, స్పర్శశృంగపు మొదటి ఖండం పొడవు, కన్ను పొడవు, పక్క నుంచి ఉరం ఏటవాలు పొడవు, నడుము కణుపు పొడవు, ఎత్తు తీసుకోండి. తల పొడవు కొలిచేటప్పుడు ముఖాన్ని పూర్తిగా ఎదురుగా తిప్పి, ముందు అంచు, వెనుక అంచు రెండూ ఒకేసారి స్పష్టంగా కనబడేలా ఉంచాలి. తల కాస్త వాలితే పొడవు తగ్గిపోతుంది. వెడల్పులో కళ్లను కలిపారో లేదో రాయకపోతే మీ అంకె ఇంకొకరికి పనికిరాదు.

తల వెడల్పును పొడవుతో భాగించి 100తో గుణిస్తే తల సూచిక వస్తుంది. పొడవు 0.62, వెడల్పు 0.54 మిల్లీమీటర్లు అయితే సూచిక 87. చిన్న చీమ, పెద్ద చీమ ఎదురైనప్పుడు ఆకారాన్ని పోల్చడానికి ఈ సూచికలే ఆధారం. వీలైతే వేరువేరు గూళ్ల నుంచి పది చీమలైనా కొలిచి, కనిష్ఠం, గరిష్ఠం రెండూ ఇవ్వండి. మరో రోజు వాటిలో కొన్నింటిని మళ్లీ కొలవండి. మీ రెండు కొలతల మధ్య తేడాయే జాతుల మధ్య చూపిస్తున్న తేడా అంత ఉంటే, ఆ లక్షణాన్ని వదిలేయండి.

ఫోటోలకు మూడు కోణాలు తప్పనిసరి: ఎదురుగా ముఖం, పక్క నుంచి, పైనుంచి. వేరువేరు లోతుల్లో తీసిన ఫోటోలను కంప్యూటర్‌లో ఒకటిగా కలిపితేనే మొత్తం స్పష్టంగా వస్తుంది. ఈ సౌకర్యం మీ కాలేజీలో లేకపోతే ఉన్నచోటికి వెళ్లి తీయించుకోండి. ప్రతి ఫోటోలో స్కేలు గీత ఉండాలి.

డిఎన్ఏ సంగతి. మైటోకాండ్రియాలోని సీఓఐ అనే జన్యువులో 658 అక్షరాల ముక్కను జాతుల గుర్తుగా వాడుతున్నారు. కొత్త పేరుకు ఆధారంగా మీరు ఎంచబోయే ఒక్క నమూనాను, అంటే హోలోటైపును, ఈ పనికి వాడకండి. అదే గూటికి చెందిన మరో శ్రామికురాలి కాలు తీసి పంపండి. ఫలితాన్ని సాక్ష్యంగానే తీసుకోండి, తీర్పుగా తీసుకోకండి. ఇంత శాతం తేడా ఉంటే వేరే జాతి అనే స్థిరమైన హద్దు లేదు. వోల్బాకియా అనే బాక్టీరియా సోకిన చీమల్లో ఈ జన్యువు చెప్పే కథ తప్పుదారి పట్టించవచ్చు. ఆకారమూ డిఎన్ఏ ఒకే మాట చెబితే మంచిదే. అవి విభేదిస్తే ఎందుకని వెతకడమే తరువాతి పని.

వర్ణన రాయడం

కొత్త జాతి వ్యాసానికి ప్రాణం భేద నిరూపణ. ఈ చీమను దగ్గరి బంధువుల నుంచి ఏది వేరు చేస్తుందో చెప్పే కొద్ది వాక్యాలు అవి. విద్యార్థులు సాధారణంగా "ఇది చిన్న, గోధుమరంగు, నునుపైన చీమ" అని మొదలుపెడతారు. ఆ వాక్యం వంద జాతులకు సరిపోతుంది. ఇలా రాయడం నేర్చుకోండి: "ఈ ప్రజాతిలో భారతదేశపు జాతులన్నిటి నుంచి దీన్ని వేరు చేసేవి ఇవి. స్పర్శశృంగపు మొదటి ఖండం తల వెనుక అంచును చేరదు. ఉరం వెనుకనున్న రెండు ముళ్ల పొడవు, వాటి మొదళ్ల మధ్య దూరం కంటే ఎక్కువ. పక్క నుంచి చూస్తే నడుము మొదటి కణుపు కొన మొనదేలి ఉంటుంది." ఇవి ఉదాహరణ కోసం రాసిన లక్షణాలు. ప్రతి వాక్యాన్నీ మరొకరు తమ చీమ మీద పెట్టి అవును, కాదు అని తేల్చుకోగలగాలి. ఆ తరువాత అన్నిటికంటే దగ్గరగా కనిపించే రెండు మూడు జాతుల పేర్లు చెప్పి, ఒక్కొక్కదానితో తేడా విడివిడిగా రాయండి.

పూర్తి వర్ణన తల నుంచి ఉదరం కొన వరకు వరుసగా సాగాలి: ఆకారం, చర్మం మీది గీతలు గుంటలు, వెంట్రుకలు, చివరగా రంగు. ఒక చీమను హోలోటైపుగా ఎంచి, దాని చీటీలో ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయండి. దానితో పాటు వర్ణనకు వాడిన మిగతావి పారాటైపులు. అవి ఏ సంస్థలో భద్రపరిచారో పేరుతో చెప్పాలి. ఎలాంటి చెట్ల కింద, ఎంత తడిలో, ఏ ఇతర చీమలతో కలిసి దొరికిందో రాయడం మరచిపోకండి. ఆ చీమ బతికే తీరు గురించి మొదటిసారి రాస్తున్నవారు మీరే. వీలైతే ఆ ప్రజాతిలోని భారతీయ జాతులకు గుర్తింపు కీ (ఒక్కొక్క లక్షణం చూసుకుంటూ పోతే జాతి పేరు తేలే ప్రశ్నల వరుస) తయారు చేసి జోడించండి. కీ తయారు చేస్తుంటేనే మీ వాదనలోని బలహీనత బయటపడుతుంది.

పేరు

జంతువుల పేర్లకు సంబంధించిన అంతర్జాతీయ నియమావళి నాలుగో కూర్పు 2000 జనవరి 1 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం పేరు లాటిన్ అక్షరాల్లో ఉండాలి. కొత్త జాతి అని స్పష్టంగా పేర్కొనాలి. హోలోటైపును, అది ఉన్న చోటును చెప్పాలి. ఆ ప్రజాతిలో అదే పేరు ఇంతకు ముందు ఎవరూ వాడి ఉండకూడదు. పేరు విశేషణమైతే ప్రజాతి లింగానికి తగినట్టు మారుతుంది. ఫైడోల్ వంటి స్త్రీలింగ ప్రజాతికి కొండపల్లియెన్సిస్ సరిపోతుంది, టెట్రామోరియం వంటి నపుంసక ప్రజాతికి అదే కొండపల్లియెన్సె అవుతుంది. పురుషుడి గౌరవార్థం పెడితే చివర ఐ, స్త్రీ గౌరవార్థమైతే ఏఈ చేరుతుంది. ఈక్వడార్ వర్షారణ్యం నుంచి 2021లో వచ్చిన స్ట్రూమిజెనిస్ అయెర్స్‌దే వంటి పేర్లతో ఈ పద్ధతి విస్తరిస్తోంది కూడా. పురుషుడు, స్త్రీ అనే విభజనలో ఇమడనివారి కోసం అందులో చివర ఇంగ్లీషు "దే" (they) చేర్చారు. తన పేరు తానే పెట్టుకోవడం నియమానికి విరుద్ధం కాకపోయినా, సంప్రదాయం ఒప్పుకోదు. చెంచుల వంటి అడవి ప్రజల మాటను వాడదలిస్తే ముందు వారిని అడగండి. మీకంటే ముందు ఆ చీమను చూసినవారు వారే.

వ్యాసం అచ్చయ్యే వరకు పేరును పైకి చెప్పకండి. జిల్లా పత్రికలో వార్తగా వచ్చిన పేరు శాస్త్రానికి చెల్లదు, గందరగోళం మాత్రం మిగులుతుంది. పీహెచ్‌డీ థీసిస్‌లో కూడా "జాతి 1" అనే ఉంచండి.

ప్రచురణ, ఆ తరువాత

పత్రికను ఎంచేటప్పుడు, ఆ పత్రికలో చీమల మీద ఇంతకు ముందు వచ్చిన వ్యాసాలు చదివి చూడండి. 2001లో మొదలైన జూటాక్సాలో రచయిత డబ్బు కట్టాల్సిన అవసరం లేదు. జూకీస్, ఏషియన్ మిర్మెకాలజీ వంటివీ ఉన్నాయి. వారంలో అచ్చు వేస్తామని రుసుము అడిగే పత్రికల జోలికి పోవద్దు. సమీక్షకులు వేసే ప్రశ్నలు కటువుగా ఉన్నా ఒక్కొక్కదానికీ నమూనా ముందు పెట్టుకొని జవాబు రాయండి. ఎలక్ట్రానిక్‌గా మాత్రమే వెలువడే పత్రికలో పేరు చెల్లాలంటే, 2012 సవరణ ప్రకారం ఆ వ్యాసం జంతువుల పేర్ల అధికారిక ఆన్‌లైన్ రిజిస్టరు జూబ్యాంక్‌లో ముందే నమోదై, ఆ నమోదు సంగతి వ్యాసంలో కనబడాలి. ఇది పత్రికవారు చూసుకుంటారులే అని వదలకుండా మీరే సరిచూసుకోండి.

2002 జీవవైవిధ్య చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం, కొత్త జాతిని కనుగొన్న ఎవరైనా ఆ సంగతి ప్రభుత్వం గుర్తించిన భాండాగారానికి తెలిపి, ఆధార నమూనాలను అక్కడ అప్పగించాలి. జంతువుల విషయంలో ఆ బాధ్యత జువలాజికల్ సర్వేది. కాబట్టి హోలోటైపును కాలేజీ బీరువాలో దాచుకోకండి. వ్యాసం పంపేముందే కలకత్తాకు చేర్చి, నమోదు సంఖ్య తీసుకోండి. పారాటైపులు కొన్ని మీ విశ్వవిద్యాలయంలో, కొన్ని మరో పరిశోధన సంస్థలో ఉంచితే ఒకచోట నష్టం జరిగినా ఇంకోచోట ఉంటాయి. విదేశంలోని మ్యూజియానికి పంపదలిస్తే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నిబంధనలు ముందు చదవండి.

వ్యాసం వెలువడ్డాక దాని ప్రతిని యాంట్‌వెబ్, యాంట్‌వికీ నిర్వాహకులకు, మీకు ఫోటోలు పంపిన మ్యూజియం బాధ్యులకు, అనుమతి ఇచ్చిన అటవీ అధికారికి పంపండి. ఫోటోలు, కొలతల పట్టిక, డిఎన్ఏ వరుస అందరికీ అందేచోట పెట్టండి. తరువాత ఎవరైనా ఉత్తరం రాసి, నల్లమలలో పట్టిన చీమ మీ జాతిలా ఉంది, ముళ్లు మాత్రం కాస్త పొట్టిగా ఉన్నాయి అంటే, ఆ చీమను తెప్పించుకొని మీ పారాటైపుల పక్కన పెట్టి కొలవండి. అది మీ జాతే అయితే భేద నిరూపణలో ముళ్ల గురించిన వాక్యాన్ని సవరిస్తూ చిన్న వ్యాసం రాయండి.